సముద్రానికీ మడి

“ఆ పొట్లం ఏమిటక్కా సంచీలో?” అంది మా చెల్లెలు.

“పొద్దున ఫలహారంలో మిగిలిన రొట్టె. చేపలకి వేద్దామని” అన్నాను.

చెల్లెలు పకపకా నవ్వింది. చిన్నప్పుడు గుడికి వెళ్తే కోనేట్లో చేపలకి మరమరాలు వెయ్యందే మేమిద్దరం ఇంటికి వచ్చేవాళ్ళం కాదు. అలవాటు ఎక్కడికి పోతుంది? హవాయి దీవుల్లో, హోనొలులు నగరానికి దగ్గర్లో ఉన్న హనౌమా బే గేటు దగ్గర నిలబడి కూడా నాకు మా ఊరి కోనేరే గుర్తొచ్చింది.

టిక్కెట్టు కొనగానే నీళ్ళలోకి పోనివ్వరు అక్కడ. ముందు ఒక గదిలో కూర్చోబెట్టి చిన్న సినిమా చూపిస్తారు. పగడాలని తొక్కకండి, తాబేళ్ళని తాకకండి, చేపలకి తిండి పెట్టకండి. అన్నీ ‘వద్దు’లే! “మన నాయనమ్మ మడి గుర్తొస్తోంది కదూ?” అన్నాను చెల్లెలి చెవిలో. ఏమీ ఎరగనట్టు రొట్టె పొట్లాన్ని సంచీ అడుక్కి తోసేశాను.

సినిమా అయ్యాక కొండ దిగుతూ చూస్తే, కిందనంతా నీలం. వేల ఏళ్ళ కిందట పేలిన అగ్నిపర్వతపు నోరు అది. ఒక పక్క గోడని సముద్రం కొట్టి కొట్టి లోపలికి వచ్చేసింది. ‘హన’ అంటే అఖాతం, ‘ఉమ’ అంటే వంపు అని ఒక అర్థం చెబుతారు. చేతులు పట్టి ఆడే కుస్తీ అని ఇంకో అర్థం కూడా ఉందిట. ఒకప్పుడు రాజకుటుంబాలవాళ్ళు చేపలవేటకీ, ఆటపాటలకీ వచ్చిన చోటు. కాహుమాను మహారాణి కూడా ఇక్కడికి వచ్చి విడిది చేసిందని చెప్పుకుంటారు.

ఈ రాణిగారి కథ మనలాంటి వాళ్ళం తప్పకుండా వినాలి. ఆ దీవుల్లో ‘కపు’ అని ఒక కట్టుబాటు ఉండేది. మన మడీ, నిషేధమూ కలిపితే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి భోంచెయ్యకూడదు. అరటిపండు తినకూడదు, కొబ్బరి తినకూడదు, పంది మాంసం ముట్టకూడదు. తప్పితే ప్రాణానికే ముప్పు. 1819లో కమెహమెహ మహారాజు పోయాక, ఆయన ప్రియ భార్య అయిన ఈ కాహుమాను, ఆయన మరో రాణి కెఓపూవొలానీ కలిసి కొత్త రాజు లిహోలిహోకి నచ్చజెప్పారు. అందరూ చూస్తుండగా ఆ కుర్రరాజు ఆడవాళ్ళ బంతిలో కూర్చుని భోంచేశాడు. ఒక్క భోజనంతో తరాల కట్టుబాటు కూలిపోయింది! మగవాళ్ళ విస్తళ్ళు లేచేదాకా ఆకలితో కూర్చున్న మన అమ్మమ్మలు ఈ సంగతి వింటే ఏమనేవారో!

ఆ తరవాత ఈ నేల ఆ వంశంలోని రాకుమారి బెర్నిస్ పౌఆహి ఆస్తిలోకి వచ్చింది. 1872లో సింహాసనం ఇస్తామంటే వద్దన్న మనిషి ఆవిడ. 1884లో పోతూ తన భూములు పిల్లల చదువులకి రాసి వెళ్ళింది. ఆ ఆస్తిని చూసే బిషప్ ఎస్టేటువారు 1928లో ఒకే ఒక్క డాలరుకి ఈ తీరాన్ని నగరానికి ఇచ్చేశారు, జనం హాయిగా తిరగడానికి.

జనం తిరిగారు. 1950లలో సముద్రం అడుగున టెలిఫోను తీగ వెయ్యడానికి పగడపు దిబ్బని పేల్చి దారి చేశారు. 1961లో ఎల్విస్ ప్రెస్లీ ‘బ్లూ హవాయి’ సినిమాలో ఈ తీరం కనిపించేసరికి ఇక చెప్పక్కర్లేదు. 1967లో ఇక్కడ చేపలు పట్టడం ఆపి, రాష్ట్రంలో మొట్టమొదటి సముద్రజీవ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చేపల్ని వలనుంచి కాపాడారు గానీ, ప్రేమనుంచి కాపాడలేకపోయారు! 1980ల చివరికి ఏడాదికి దాదాపు 30 లక్షలమంది వచ్చిపడేవారు. వచ్చిన ప్రతివాళ్ళూ రొట్టె, బఠాణీలు వెయ్యడమే. తిండికి మరిగిన పెద్ద చేపలు మనుషుల మీదికి ఎగబడేవి, చిన్నవాటిని తరిమేవి. నాచు మేసి దిబ్బల్ని శుభ్రం చెయ్యవలసిన చేపలు ఆ పని మానేసి రొట్టెకి కాసుకుని కూర్చునేవి. అలసినవాళ్ళు రాయనుకుని కాలు మోపింది రాయి కాదు, ప్రాణమున్న పగడం. అది ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే గొప్ప.

అప్పుడు నగరంవారు కళ్ళు తెరిచారు. 1990 నుంచి జనాన్ని తగ్గించడం మొదలుపెట్టారు. తరవాత తిండి వెయ్యడం మాన్పించారు. 2002లో ఈ సినిమా గది కట్టారు. 2020లో కరోనా వల్ల ఎనిమిది నెలలు తీరం మూతపడితే, నీళ్ళు ఎంతో తేటపడ్డాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చెప్పారు. ఇప్పుడు రోజుకి ఇంతమందే అని లెక్క, పైగా సోమ, మంగళవారాలు సముద్రానికి సెలవు. మన వంటింటికి ఎవరిస్తారమ్మా ఆ సెలవు?

నోట్లో గొట్టం పెట్టుకుని, అద్దాలు తగిలించుకుని నీళ్ళమీద బోర్లా తేలాను. కింద పసుపూ, నలుపూ, నీలం చేపలు. నన్ను చూడనైనా చూడలేదు. తమ పనేదో తాము చేసుకుపోతున్నాయి. మొదట కొంచెం చిన్నతనంగా అనిపించింది. తరవాత అనుకున్నాను, అతిథి వచ్చినా ఇల్లాలు తన పని తాను చేసుకోగలగడం ఎంత సుఖం!

కాహుమాను రాణి తెంచిందీ ‘వద్దే’, ఈ గేటు దగ్గర చెప్పిందీ ‘వద్దే’. కానీ ఒకటి బలమున్నవాళ్ళు బలంలేనివాళ్ళ మీద పెట్టింది. రెండోది బలమున్న మనం మనమీదే పెట్టుకున్నది. ఏ మడి తెంచాలో, ఏ మడి కట్టుకోవాలో తెలియడానికి నాకు ఇంతదూరం రావలసివచ్చింది.

పైకి వచ్చాక చెట్టుకింద కూర్చుని, ఆ రొట్టె మేమిద్దరమే తినేశాం.