శాసనం నుంచి చట్టం దాకా: వెట్టి

భారత రాజ్యాంగం 23వ అధికరణం ఇంగ్లీషు ప్రతిలో ‘బేగార్’ అనే ఫారసీ మాట ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చకుండా అట్లాగే ఉంచి, నిషేధించారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో దాన్నే ఎట్టి అన్నారు. పుస్తకాల్లో రాసేది వెట్టి. కూలి ఉండదు, చేయనని చెప్పే వీలూ ఉండదు.

మాట చాలా పాతది. దీని మూలం సంస్కృతంలోని ‘విష్టి’. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అది జనం నుంచి రాజుకు హక్కుగా రావలసిన శ్రమ. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు సుదర్శన తటాకం కట్టను సొంత ఖజానా సొమ్ముతోనే బాగు చేయించానని, జనాన్ని పన్నులతో, విష్టితో పీడించలేదని చెప్పుకున్నాడు. చేయించకపోవడం శాసనానికెక్కిందంటే, చేయించడం ఎంత మామూలో ఊహించవచ్చు. చోళుల కాలపు తమిళ శాసనాల్లో ‘వెట్టి’ పన్నుల వరసలో కనిపిస్తుంది. కన్నడంలో అదే ‘బిట్టి’ అయి, ఇవాళ పుక్యానికి వచ్చేదానికి పేరుగా స్థిరపడింది. చాకిరి చేసిన మనిషి అర్థంలోంచి జారిపోయాడు. చేయించుకున్నవాడి లాభమే మిగిలింది.

తెలంగాణలో ఆ మనిషి జారిపోలేదు. ఇక్కడ రాజుగారి హక్కు దేశ్‌ముఖుల, పటేల్ పట్వారీల చేతికి దిగి, గడి నీడలో ఊరంతటికీ పాకింది. చాకలి బట్టలు ఉతికితే సరిపోదు, గడిలో అంట్లు తోమాలి, నీళ్లు మోయాలి, దొర కబురు పొరుగూరికి చేర్చాలి. కుమ్మరి కుండలిచ్చాడు, గొల్ల దొరింటి పెండ్లికి గొర్రెను తోలుకొచ్చాడు, మాదిగ చెప్పులతో పాటు మోటకు తోలు కుట్టిచ్చాడు. సర్కారు అధికారి ఊళ్లో దిగితే కట్టెలు, కోళ్లు, బండి అన్నీ ఊరి నెత్తినే. పని లేని రోజూ వెట్టివాడిది కాదు. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి సొంత చేనుకు పోవడానికీ జంకాలి. అప్పు కింద జీతం ఉన్నవాణ్ణి భగేలా అన్నారు. తండ్రి చేసిన అప్పు కొడుకు మెడకు పడేది. అన్నిటికన్నా ఘోరం ఆడబాప బతుకు. దొరసాని కాపురానికి వస్తూ, సామాన్లతో పాటు అరణంగా వెంట తెచ్చుకున్న ఆడపిల్ల ఆమె.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ, 1935లో నాలుగోసారి సిరిసిల్లలో కూడింది. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. వెట్టి రద్దు కావాలన్న మాట ఈ మహాసభల్లో మళ్లీ మళ్లీ వినిపించింది. మర్యాదగా, వినతుల భాషలోనే అడిగినా, ఊళ్లో తలవంచుకుని మోసిన మాట సభలో చర్చకెక్కడం చిన్న సంగతి కాదు.

1976లో పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చేసింది. అందులో దేశం నలుమూలలా ఈ దోపిడీకి ఉన్న స్థానిక పేర్లను ఒక్కచోట గుదిగుచ్చారు. భగేలా, జీత, పాలేరు, చిట్టచివర వెట్టి. పల్లె నోటి మాటలు ఇంగ్లీషు చట్టంలో నేరాల పేర్లయ్యాయి.

ఆ పేర్లు కాగితం మీదికెక్కి రెండేళ్లు దాటాక కూడా జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఎట్టి నడుస్తూనే ఉంది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు వేలుగా జగిత్యాలకు కదిలారు. జనం దాన్ని జైత్రయాత్ర అన్నారు. ఎట్టి ఆపాలి, జీతగాళ్ల జీతం పెంచాలి, పంచాయితీల పేరు చెప్పి దొరలు గుంజిన దండుగలు తిరిగి కట్టాలి. ఇవీ వాళ్ల డిమాండ్లు. మాట వినని దొరల ఇండ్లకు చాకలి, మంగలి పోవడం మానేశారు. తరతరాలుగా ఏ చాకిరిని బలవంతంగా పిండుకున్నారో, దాన్నే ఆపి ఎదురు నిలిచారు. ఈ చరిత్రలో ఇంతకన్నా పదునైన మలుపు లేదు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఇప్పుడు నెల తిరిగేసరికి జీతం అందుకునే ఉద్యోగులు కూడా ‘వెట్టిచాకిరి చేస్తున్నాం’ అంటుంటారు. విసుగు నిజమే. అయినా రాజీనామా రాసి బయటికి నడవగలిగినవాడి కష్టానికి, గడప దాటితే దెబ్బలు తిన్నవాడి కష్టానికి ఒకే పేరు పెట్టడం సరికాదు.

న్యాయస్థానం ఈ మాటను మరో వైపు విస్తరించింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరే అని తేల్చింది. ఆకలి మెడ మీద కూర్చుని చేయించే పని ఇష్టపడి చేసినట్టు కాదన్నది ఆ తీర్పు సారం. కోరుట్ల, సిరిసిల్ల వాడల్లో ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి బీడీలు చుట్టే ఆడవాళ్లకు కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. బాగా లేవని పక్కకు తీసిన బీడీలు ఆ లెక్కలోకి రావు. చేతికందిన కూలి సర్కారు నిర్ణయించిన రేటుకు తగ్గిన చోట, 1982 తీర్పు ప్రకారం దాని పేరు వెట్టే.