తోలు తెర అవతల

1870 మే 1. అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊరు. జేమ్స్ బ్లాక్‌కి ఆ రోజుతో డెబ్బై ఏళ్లు నిండాయి. చూపు పోయి దాదాపు ముప్పై ఏళ్లయింది. దిక్కులేని తనను చేరదీసిన డాక్టరు జోన్స్ ఇంట్లోనే ఎన్నో ఏళ్లుగా కాలం గడుస్తోంది. ఆ ఇంటి కొడుకు డేనియల్‌ని దగ్గరకు పిలిచాడు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన ఇంటికి ఇవ్వడానికి తన దగ్గర ఒక్కటే మిగిలిందని, కత్తికి పదును పట్టించే రహస్యం ఇప్పుడు చెబుతానని, కలం కాగితం తెచ్చుకోమని అన్నాడు.

డేనియల్ తెచ్చుకుని కూర్చున్నాడు. ముసలాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. కాసేపాగి రమ్మన్నాడు. డేనియల్ వెళ్లి వచ్చాడు. అప్పుడూ అంతే. నుదురు రుద్దుకుంటున్నాడు, రుద్దుకుంటున్నాడు. ఆ పనిలో చాలా దశలున్నాయన్న సంగతి గుర్తుంది. ఏ దశలో ఏం చెయ్యాలన్నది మాత్రం ఒక్కటీ తట్టడం లేదు. అంతా పోయిందని పెద్దగా ఆక్రోశించాడు. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు గానీ మతి మళ్లీ కుదుటపడలేదు.

ఈ ఘట్టం మనకు తెలిసింది డేనియల్ వెబ్‌స్టర్ జోన్స్ రాసిపెట్టడం వల్లే. ఆయన తర్వాత ఆర్కాన్సాస్ గవర్నరయ్యాడు. అమెరికా జానపదంలో పేరుమోసిన బౌయీ కత్తిని, 1836లో అలామో కోటలో చనిపోయిన జిమ్ బౌయీకి చేసిచ్చింది బ్లాకేనని కూడా ఆయనే రాశాడు. బౌయీ ఒక చెక్క నమూనా ఇచ్చి వెళ్లాడట. తిరిగొచ్చేసరికి బ్లాక్ రెండు కత్తులు సిద్ధం చేశాడు. ఒకటి నమూనా ప్రకారం, రెండోది తన బుర్రకు తోచినట్టు. బౌయీ రెండోదే ఎంచుకున్నాడట. చరిత్రకారులు ఇందులో ఎంత నిజమో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ల వాదన వాళ్లది. నన్ను పట్టి నిలిపింది వేరే వివరం. బ్లాక్ తన కొలిమిలో ఒక తోలు తెర కట్టుకుని, దాని వెనక పనిచేసేవాడు. ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. కత్తి పూర్తయ్యాక దాంతో గట్టి హికరీ కర్రను అరగంటసేపు చెక్కేవాడు. అప్పటికీ చేతి మీది వెంట్రుకను గొరగలేకపోతే ఆ కత్తిని పారేసేవాడు. అంత నిష్ఠగల పనివాడు. కానీ ఆ తెర వెనక్కి ఒక్క కుర్రాణ్ణయినా రానిచ్చి ఉంటే, ఆ మే నెల పూట అంత ఘోరం జరిగేది కాదు కదా!

మన దగ్గరా ఇలాగే ఒక విద్య పోయింది, కారణం మాత్రం వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించేవారు. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి, మూసకు మూత పెట్టి, రోజంతా కొలిమిలో ఉంచేవారు. సర్వే పనిమీద వచ్చిన హెన్రీ వాయ్‌సీ అనే వైద్యుడు ఆ పనిని కళ్లారా చూసి రాసుకున్నాడు. 1832లో అది అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వ్యాపారి అంత దూరం నుంచి వచ్చి అక్కడ మకాం వేశాడని కూడా రాశాడు. డమాస్కస్ కత్తుల మీద మెరిసే నీటి అలల వంటి గీతలకు మూలం ఇలాంటి దక్కను ఉక్కే. తర్వాత విలాయతీ ఉక్కు చవగ్గా దిగబడింది, కొలుములు ఆరిపోయాయి, తండ్రి కొడుక్కి నేర్పాల్సిన అవసరం లేకపోయింది.

వాషింగ్టన్ ఊరి కథ మాత్రం అక్కడ ఆగలేదు. అందుకు కారకుడు మేరీలాండ్‌కి చెందిన బిల్ మోరన్. 1925లో పుట్టాడు. పొలం పనుల మధ్య చిన్నప్పుడే కత్తులు చేయడం మొదలుపెట్టి, చివరికి దాన్నే బతుకుతెరువు చేసుకున్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో చేత్తో కత్తులు చేసేవాళ్లు చాలామంది ఉక్కు పట్టీని యంత్రం మీద అరగదీసి ఆకారం తెచ్చేవారు. కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగగొట్టి చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మోరన్ ఆ కొద్దిమందిలో ఒకడు. రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా అతికి, మడిచి, మళ్లీ అతికి, గీతలు తేలే కత్తి చేయడం ఎలాగో ఏళ్ల తరబడి ప్రయత్నించి పట్టుకున్నాడు. ఇది కోనసముద్రం మూస ఉక్కు కాదు, వేరే పద్ధతి. దీన్నీ డమాస్కస్ అనే పిలుస్తారు.

1973లో కాన్సాస్ సిటీలో కత్తుల తయారీదారుల ప్రదర్శన. మోరన్ తన బల్ల మీద ఆ గీతల కత్తులు పరిచాడు. జనం మూగారు. ఆ విద్య అప్పటికి అక్కడ చాలామందికి తెలియదు, కావాలంటే జీవితాంతం దాని మీద బతకొచ్చు. అలాంటి మనిషి ఎలా చేశాడో వివరంగా రాసిన చిన్న పుస్తకాన్ని అక్కడికి వచ్చినవాళ్లకు ఊరికే పంచిపెట్టాడు! ఆయన జీవితంలో ఇంతకన్నా పెద్ద పని ఇంకోటి లేదని నా నమ్మకం. 1976లో మరి ముగ్గురితో కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టాడు. 1988లో టెక్సర్కానా కాలేజీ తోడ్పాటుతో కత్తుల కమ్మరానికి ఒక బడే తెరిచాడు. ఎక్కడంటారా? జేమ్స్ బ్లాక్ నుదురు రుద్దుకున్న ఆ వాషింగ్టన్‌లోనే.

అలాంటి తరగతిలోకి కొత్తగా అడుగుపెట్టినవాడి చేతికి ముందు దొరికేది ఒక బోడి ఉక్కు పట్టీ. సాధారణంగా నూటికి ఒక పాలు కన్నా కాస్త తక్కువ కార్బన్ ఉన్న ఉక్కు. వచ్చినవాడు అప్పటిదాకా కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కావచ్చు, లారీ నడిపినవాడు కావచ్చు. పట్టీ కొస కొలిమిలో నారింజ రంగుకు తిరగ్గానే పట్టకారుతో తీసి దాగలి మీద పెడతాడు. సుత్తి పిడిని చేతులు నొప్పెట్టేలా బిగించి బాదుతాడు. నాలుగు దెబ్బలకే నారింజ ఎరుపవుతుంది, ఎరుపు నల్లబడుతుంది. ఆ సంగతి గమనించకుండా ఇంకా కొడుతూనే ఉంటాడు.

"ఆపండి. రంగు పోయింది. మళ్లీ కొలిమిలో పెట్టండి." తొలిరోజు గురువు నోట ఎక్కువగా వినిపించే మాట ఇదే. చల్లారిన ఉక్కును కొడితే పగుళ్లు లోపల దాక్కుంటాయి. మరీ కాల్చితే తెల్లటి రవ్వలు చిమ్ముతుంది. ఆ ముక్క మాడిపోయినట్టే, ఇక పనికిరాదు.

ముందు మొన తీరుస్తారు, తర్వాత అంచు పలచన చేస్తారు. కొత్తవాళ్లు నివ్వెరపోయేది ఇక్కడే. అంచును కొడుతున్నకొద్దీ అది పొడుగు సాగుతుంది. వెన్ను సాగదు. దాంతో తిన్నగా ఉన్న పట్టీ అరటికాయలా పైకి వంపు తిరుగుతుంది. అనుభవమున్నవాడు అది తెలిసే, అంచు కొట్టకముందే పట్టీని ఎదురు దిక్కుకు కాస్త వంచి పెట్టుకుంటాడు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. చేతికి ఎక్కాలంటే గురువు పక్కన నిలబడి, ఆయన సుత్తి ఏ వాలులో పడుతోందో చూసి తీరాలి.

కొలిమి శాలలో వెలుతురు తక్కువగా ఉంచుతారు. ఎండ పడితే ఎర్రటి ఉక్కు కూడా నల్లగా కనిపించి కన్ను మోసపోతుంది. ఇది తెలిశాక బ్లాక్ కట్టుకున్న తోలు తెర నాకు మరోలా కనబడింది. రహస్యం కోసమే అంటారు. సగం నీడ కోసం కూడా అయి ఉంటుందని నా ఊహ.

అసలు గండం ఆకారం వచ్చాక ఉంది. కత్తిని కాల్చి అయస్కాంతానికి ఆనిస్తారు. 770 డిగ్రీల దగ్గర ఉక్కును అయస్కాంతం పట్టుకోదు. అక్కణ్ణుంచి ఇంకొంచెం వేడి ఎక్కించి, గోరువెచ్చని నూనెలో నిటారుగా దించుతారు. మంట భగ్గుమంటుంది. పొగ కమ్ముకుంటుంది. అప్పుడు శాలలో అందరూ చెవులు రిక్కిస్తారు. టింగుమని సన్నటి చప్పుడు వినిపించిందంటే కత్తి చీలింది, అప్పటిదాకా పడ్డ పాట్లు నూనెపాలు. చప్పుడు రాకపోతే పైకి తీసి ఆకురాయితో గీస్తారు. ఆకురాయి పట్టు దొరక్క జారిపోతే ఉక్కు గట్టిపడినట్టు. ఆ క్షణం మొహంలో వెలుగు రాని విద్యార్థి ఉండడు.

అలా గట్టిపడిన కత్తి కిందపడితే విరిగేంత పెళుసుగా ఉంటుంది. అందుకని 200 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచి, ఒంటి మీద లేత పసుపు రంగు తేలేదాకా ఆ బిగువు సడలిస్తారు. ఆపైన అంచును తడిగా ఉంచి, వెన్నును మాత్రం నీలిరంగు వచ్చేదాకా కాలుస్తారు. అంచు గట్టిగా మిగులుతుంది, వెన్ను వంగే గుణం తెచ్చుకుంటుంది.

పని నేర్చినవాడికి జర్నీమన్ అనే హోదా ఇవ్వడానికి సొసైటీ పెట్టే పరీక్ష ఈ రెండు గుణాలకే. వేలాడుతున్న అంగుళం మందం తాడు ఒక్క వేటుకు తెగాలి. రెండంగుళాలు, నాలుగంగుళాల కొలత చెక్కను రెండుసార్లు నరకాలి. ఆ తర్వాత అదే అంచు చేతి మీది వెంట్రుకను గొరగాలి. హికరీ కర్ర మీద బ్లాక్ చేసుకున్న పరీక్షకు ఇది తోబుట్టువే. చివరికి కత్తిని బిగించి 90 డిగ్రీలు వంచుతారు. అంచు చిట్లినా పరవాలేదు, కత్తి రెండు ముక్కలు కాకూడదు. పరీక్ష నెగ్గినా ఆ కత్తి ఇక దేనికీ పనికిరాదు. దాన్ని చేసిన చెయ్యే అసలు ఫలితం.

మోరన్ 2006లో కన్నుమూశాడు. 2020లో వాషింగ్టన్‌లోనే ఇంకో బడి మొదలైంది. దాని పేరు జేమ్స్ బ్లాక్ స్కూల్ ఆఫ్ బ్లేడ్‌స్మితింగ్. తెర కట్టుకుని పనిచేసిన మనిషి పేరున ఎవరైనా వెళ్లి నేర్చుకోగల శాల వెలిసింది.

ఇక కోనసముద్రం. మన మూస ఉక్కు విద్య తిరిగి రాదని అనుకోవద్దు. ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు లోహశాస్త్రజ్ఞుడు జాన్ వర్హోవెన్ కలిసి ఏళ్లకేళ్లు మూసల్లో కరిగించి చూశారు. ఆ గీతలకు కారణం ఉక్కులో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలని తేల్చి, 1998లో పద్ధతి మొత్తం అచ్చువేశారు. వాయ్‌సీ రాసిందీ ఉంది. కమ్మరి చేతులు తెలంగాణ ఊళ్లలో ఇంకా ఉన్నాయి. నిజామాబాద్‌లో ఒక పాలిటెక్నిక్, ఇద్దరు ముగ్గురు కమ్మరి పెద్దలు, పదిమంది పిల్లలు చాలు. కోనసముద్రంలో ఒక శాల వేసి, ఏడాదికి ఒక్క నెల తరగతి నడపొచ్చు. ఈ పని ప్రభుత్వం తలపెట్టినా సరే, ఊరు తలపెట్టినా సరే.