ఆరుబయట కారు ఫొటో: వెలుతురు, ఎక్స్‌పోజరు

బెంగుళూరులో అమ్మకానికి వచ్చిన పాత కారును హిందూపురం, మదనపల్లె, కుప్పం వాసులు తొలుత చూచేది ఫొటోలోనే. ఫొటోలో నునుపుగా కనిపించిన తలుపుపై, తీరా వెళ్ళి చూస్తే సొట్ట ఉన్నచో ఒక రోజు, రానుపోను ఖర్చు వృథా. అమ్మేవారికీ ఇందులో నష్టమున్నది. చక్కగా ఉంచుకున్న బండి సైతం మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో మాసినట్లు కనబడి, బేరం అక్కడే పడిపోతుంది.

బెంగుళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. అందువల్ల ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరొకసారి సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్‌లో అది 12 గంటల 17 నిమిషాల ప్రాంతం. ఆ క్షణాన నిలువుగా నాటిన కర్రకు నీడ ఉండదు. మార్చి చివరి నుండి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఎండ ఇంచుమించు నిట్టనిలువుగానే పడుతుంది. పైకప్పు, బానెట్ కళ్ళు చెదిరేలా మెరుస్తాయి. తలుపులు, చక్రాలు చీకటిలో ఉండిపోతాయి. ఈ రెంటినీ ఒకే ఫొటోలో పట్టడం ఎంత ఖరీదైన కెమెరాకైనా కష్టమే.

సూర్యోదయం తరువాతి గంట, సూర్యాస్తమయానికి ముందరి గంట అనుకూలమైనవి. ఈ నగరంలో సూర్యోదయం జూన్‌లో ఆరు గంటలకు కాస్త ముందు, జనవరిలో ఆరూముప్పావు ప్రాంతంలో అవుతుంది. సూర్యుణ్ణి వీపు వెనుక, కొంచెం పక్కగా ఉంచుకొని నిలబడాలి. తమ నీడ బండిపై పడకుండా చూచుకోవాలి. ఏటవాలు ఎండలో గీతలు, సొట్టలు దాగవు. వానాకాలపు మబ్బు మరొక వరం. ఆకాశమంతా ఒకే దీపమై వెలుగును సమంగా పరుస్తుంది గనుక, మళ్ళీ రంగు వేయించిన తలుపు ఉన్నచో ఆ తేడా బయటపడుతుంది. కొనేవారు మబ్బువేళ తీసిన ఫొటోలను అడిగి తెప్పించుకోవడం మంచిది.

కారు ఒంటి మెరుపు అద్దం వంటిది. ఎదుట ఏమున్నదో అదే తలుపులపై కనబడుతుంది: గోడ, కరెంటు స్తంభం, ఫొటో తీసేవారి చొక్కా. అందుచేత ఎదుటి వైపు ఖాళీగా ఉన్న మైదానం మేలు. బెంగుళూరు వీధుల్లో చెట్లనీడ ఆకర్షిస్తుంది గాని, ఆకుల సందుల నుండి జారే ఎండ చుక్కలు ఫొటోలో మరకలుగా కనబడతాయి. పెద్ద భవనపు నీడ అంతకంటె నయం.

ఇక ఎక్స్‌పోజరు. కెమెరాలోని మీటరు తన ఎదుట ఉన్నదానిని సగటు బూడిదరంగుగా భావించి లెక్క కడుతుంది. తెల్లకారు ఫ్రేము నిండా ఉంటే అది మురికి పట్టినట్లుగా, నల్లకారు ఉంటే వెలిసిపోయినట్లుగా రావడానికి కారణమిదే. తెలుపుకు ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 దాకా పెంచాలి, నలుపుకు మైనస్ 1 దాకా తగ్గించాలి. సెల్‌ఫోనులో బండిపై వేలితో తాకి, పక్కన కనిపించే సూర్యుని గుర్తును పైకో క్రిందికో జరిపితే అదే పని జరుగుతుంది. తెలుపును పెంచేటప్పుడు బానెట్ అంచుపై కన్ను ఉండాలి. అక్కడ మడత రేఖ మాయమైతే పెంచినది ఎక్కువైనట్లే. చీకటిపడ్డ భాగాన్ని తరువాత కొంత తేల్చవచ్చు, పూర్తిగా తెల్లబారిన భాగంలో తేల్చడానికి ఏమీ మిగలదు. అనుమానముంటే ఒకే కోణంలో మూడు తీయడం ఉత్తమం.

ముందు అద్దంపై ఆకాశపు మెరుపు తగ్గాలంటే పోలరైజర్ ఫిల్టరును తిప్పుతూ చూడాలి. అయితే పక్క అద్దాలు, వెనుక అద్దం గట్టిపరచిన గాజుతో చేసినవి గనుక, ఆ ఫిల్టరులో వాటిపై మచ్చలు తేలుతాయి. అవి గాజులోని ఒత్తిడి గుర్తులే. అద్దం చెడిపోయిందని కొనేవారు బెదరనక్కరలేదు.