పట్టుపోగులలో పేతురు వల

రాత్రంతయు ప్రయాసపడి వట్టి వలతో తిరిగివచ్చుట ఎట్టిదో మన తీరపు పల్లెకారులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. గెన్నేసరెతు సరస్సులో పేతురునకు కలిగిన ఆ అనుభవమునే బ్రస్సెల్సు నేతగాండ్రు ఉన్ని, పట్టు, బంగారుపూత వెండిజరీలతో తెరగా నేసి రోముకు పంపిరి. ఇట్టి తెరలను టాపెస్ట్రీలందురు.

సిస్టైను దేవాలయపు గోడలకై పదియవ లియో పోపుగారు పేతురు పౌలుల చరిత్రను రాఫేలుచేత వ్రాయించిరి. 1515-16లో ఆయన కాగితములపై నిండు కొలతలతో రంగుచిత్రములు వ్రాసి ఇచ్చెను. నేతగాండ్రు వాటిని పట్టీలుగా కోసి మగ్గము క్రింద ఉంచుకొని, తెర వెనుకవైపునుండి నేసిరి. అందుచే కుడియెడమలు తారుమారగును. రాఫేలు ఇది ఎరిగియే బొమ్మలను అద్దములోవలె తిరగవేసి వ్రాసెను. మొత్తము పది తెరలు. 1519 క్రిస్మసు మరునాడు ఏడింటిని వ్రేలాడదీసిరి.

చేపల తెరలో వల లాగువారి కండలు చూడదగినవి. పడవ మాత్రము మరీ చిన్నది! అంతమంది ఎక్కినచో మునుగునని మైపాడు రేవున పిల్లవాడైనను చెప్పును. పడవ పెద్దదైనచో మనుష్యులు చిన్నబోవుదురని రాఫేలు తలచెను కాబోలు.

1527లో రోము కొల్లగొట్టబడినప్పుడు ఈ తెరలు దోపిడిపాలయ్యెను. తరువాత తిరిగి చేరినవిగాని, ఎలుమ అంధుడైన తెరలో క్రిందిసగము నేటికిని లేదు. జరీలేని తెరలకును గండము తప్పలేదు. ఫ్రాన్సులో ఆంజే నగరపు ప్రకటన గ్రంథపు తెరను విప్లవకాలమున ముక్కలుచేసి, నారింజ చెట్లకు చలి తగులకుండ కప్పిరి. రాఫేలు తెరలు పదియు 2020 ఫిబ్రవరిలో ఒక్క వారము మరల సిస్టైను గోడలకెక్కినవి.

మనకు ఆ చలియు లేదు, ఆ ఉన్నితో పనియు లేదు. మనది నూలుబట్ట. 1626లో ఇంగ్లీషువారు ఆర్మగాను పేర దుర్గరాజపట్నమున వర్తకశాల పెట్టినది బట్టల కొరకే. అచ్చటి అధికారి ఫ్రాన్సిసు డే 1639లో చెన్నపట్నపు స్థలము సంపాదించెను. ఆనాటి తీరపు వ్రాతపని శ్రీకాళహస్తిలో నేటికిని నిలిచియున్నది. కరక్కాయ, పాలలో తడిపిన గుడ్డపై వెదురు కలముతో వ్రాయుదురు. బెల్లము, ఇనుపతుక్కు ఊరవేసిన నీరు నలుపు. పటిక, చిరివేరు కలిసి ఎరుపు. రామాయణ భారతములు వ్రాసిన కలమే క్రీస్తు చరిత్రయు వ్రాసినది. బొమ్మను తిరగవేయు బాధ లేదు. చూచువారు చదువుకొనుటకు తెలుగు అక్షరములు కూడ పెట్టుదురు.

మన దేవాలయములకు మాత్రము అచ్చుపటములు తెప్పించుకొనుచున్నాము. శ్రీకాళహస్తికి గూడూరు మీదుగా రైలున్నది.