యమపటం నుంచి పవర్‌పాయింట్ దాకా

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఊరివాళ్ళకు చెప్పాలంటే రెండు దారులున్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస అని మండలాలన్నీ పట్టికలో రాసి, పక్క గళ్ళలో అంకెలు నింపడం ఒకటి. శ్రీకాకుళం జిల్లా పటం వేసి, సముద్రం దాపున ఉత్తరపు కొసలో ఉన్న ఆ ఏడింటికీ ఒకే రంగు పూయడం రెండోది. పట్టిక చదువుతూ కూర్చున్నవాళ్ళకు డాక్టరు మాట చెవికెక్కదు. పటమైతే చూడగానే అది తమ తావేనని తెలిసిపోతుంది, ఇక వినడమే మిగులుతుంది. స్లైడు పుట్టిందే ఈ రెండో పనికని నా నమ్మకం.

ఏడో శతాబ్దంలో బాణభట్టు రాసిన హర్షచరితంలో, తండ్రి జబ్బుపడ్డాడని తెలిసి తిరిగొస్తున్న హర్షుడికి అంగడివీధిలో యమపటంవాడు కనిపిస్తాడు. ఒక చేత కర్రలకు బిగించిన బట్ట, దాని మీద దున్నపోతునెక్కిన యముడు. రెండో చేత రెల్లుపుల్ల. చుట్టూ మూగిన పిల్లలకు పుల్లతో చూపిస్తూ పరలోకం సంగతులు చెబుతుంటాడు. తెర, బొమ్మ, చూపుడుకర్ర, చెప్పే మనిషి, అన్నీ అప్పటికే ఉన్నాయి!

చేర్యాల నకాషీ పటాలదీ ఇదే పద్ధతి. ఎర్రటి రంగు మీద బొమ్మలు, అడ్డపట్టీలతో విడదీసిన గళ్ళు, గడికో ఘట్టం. కథకుడు ఒక్కొక్క గడీ చూపిస్తూ పాడతాడు. జనం చదవాల్సిందేమీ ఉండదు, కథంతా అతని గొంతులోనే నడుస్తుంది. పటంలో ఏం వేయకూడదో ఆ చిత్రకారులకు బాగా తెలుసు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

1659 నాటికి డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ మాజిక్ లాంతరుతో గాజు మీది బొమ్మను గోడకెక్కించాడు. 1987లో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్‌లు ఫోర్‌థాట్ కంపెనీ తరఫున మెకింటాష్ కోసం పవర్‌పాయింట్ తెచ్చారు. మొదట అది నలుపుతెలుపుల్లోనే ఉండేది, ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పెట్టే పేజీలను అచ్చు తీసిచ్చేది. ఆ ఏడే మైక్రోసాఫ్ట్ దాన్ని 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. బొమ్మకు చెయ్యి తిరిగినవాడు కావాలి, అక్షరాలు ఎవరైనా కొట్టగలరు. అందుకే తెర నిండా చుక్కలు, వాక్యాలు పేరుకున్నాయి. చెప్పేవాడు సభకు వీపు చూపించి తెర చదవడం అప్పుడే మొదలైంది.

తెలుగు స్లైడుకు ఇంకో చిక్కు ఉంది. అను ఫాంట్లలో చేసినదాన్ని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు గజిబిజి అయ్యేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వంటి యూనికోడ్ ఫాంటు వచ్చాక ఆ బాధ తగ్గింది. వరసల ఇరుకు మాత్రం తీరలేదు. ఇంగ్లీషు కొలతలకు చేసిన అచ్చులో పైన నెల్లిమర్ల, కింద బొబ్బిలి రాసి చూడండి. పై వరస లవత్తు వచ్చి కింది గుడి మీద పడుతుంది. ఎడం పెంచితే ఆరు వరసలు పట్టేచోట నాలుగే పడతాయి. మిగతా రెండూ నోటితో చెప్పుకోవాల్సిందే.