ఎస్, పి, డి: పేర్లు ముందు, ఆకారాలు తర్వాత

ఎస్ ఆర్బిటాల్ గోళంలా, పి ఆర్బిటాల్ డంబెల్‌లా ఉంటుందని మీరు చదివే ఉంటారు. మరి ఈ అక్షరాలకూ ఆ ఆకారాలకూ సంబంధమేమిటి? నిజానికి ఏమీ లేదు! పేర్లు ముందు పుట్టాయి. ఆకారాలు ఆ తర్వాత తెలిశాయి.

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్స్‌లోనైనా, మీ ఇంట్లోనైనా స్టౌ మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపు రంగుకు తిరుగుతుంది. అది ఉప్పులోని సోడియం వెలుగు. వర్ణపటదర్శినిలో చూస్తే 589 నానోమీటర్ల దగ్గర రెండు పసుపు గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇలాంటి గీతలను స్వీడన్ శాస్త్రవేత్త రిడ్‌బర్గ్ 1890లో శ్రేణులుగా విడదీశాడు. ముఖ్యమైనవి ప్రిన్సిపల్, సన్నగా స్పష్టంగా ఉన్నవి షార్ప్, అలుక్కుపోయినట్లున్నవి డిఫ్యూజ్. ఫండమెంటల్ శ్రేణి తర్వాత చేరింది. పి, ఎస్, డి, ఎఫ్ అక్షరాలు ఈ మాటల మొదటి అక్షరాలే!

ఖరగ్‌పూర్ నుంచి దక్షిణానికి సాగే రైలు మార్గం మీదే వాల్తేరు ఉంది. అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట పరిశోధనకు పునాది వేసిన కె. రంగధామరావు (1898–1972) జెర్మేనియం, ఆర్సెనిక్ అయాన్ల వర్ణపటాలను విశ్లేషించారు. ఏ గీత ఏ శక్తిస్థాయిల మధ్య పుట్టిందో తేల్చే ఆ పనిలో స్థాయిలను గుర్తించేది ఈ అక్షరాలతోనే. సోడియం పసుపు గీతలు కూడా ఎలక్ట్రాన్ 3పి నుంచి 3ఎస్‌కు దిగినప్పుడు వెలువడేవే.

ఆకారాల సంగతి 1926లో తేలింది. ష్రోడింగర్ ఎలక్ట్రాన్‌కు తరంగ సమీకరణం రాశాడు. ఆ తరంగం ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంతో చెబుతుందని అదే ఏడాది మాక్స్ బోర్న్ వివరించాడు. 1931లో హార్వే వైట్ గిరగిర తిరిగే నమూనాను ఫోటో తీసి, ఆ ఎలక్ట్రాన్ మేఘాలు ఎలా ఉంటాయో చూపాడు. మరుసటి ఏడాది ముల్లికెన్ వీటికి ‘ఆర్బిటాల్’ అనే పేరు పెట్టాడు.

డంబెల్ రెండు భాగాల మధ్య తలంలో ఎలక్ట్రాన్ దొరికే సంభావ్యత సున్నా. మరి అటు నుంచి ఇటు ఎలా దాటుతుంది? ఎలక్ట్రాన్‌ను గోళీకాయ అనుకుంటేనే ఈ చిక్కు. వీణ తీగ నడుమ ఒక బిందువు కదలకుండానే రెండు వైపులా తీగ కంపించగలదు. తరంగం తీరు అంతే!

కాబట్టి డంబెల్ బొమ్మ గీసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ గీత ఎలక్ట్రాన్ నడిచే దారి కాదు. అది ఎక్కువగా దొరికే చోటుకు మనం గీసుకున్న సరిహద్దు.