దారి తప్పిన పైకం

2024 జూన్ మాసం. మృగశిర కార్తె ప్రవేశించి రెండు మూడు దినాలైంది. నా పూర్వ విద్యార్థి ఒకడు పుణె నుండి ఫోను చేశాడు. ఆరవ తరగతి మొదలు పదవ తరగతి దాకా నా వద్ద తెలుగు చదివినవాడు. అక్కడ భవన నిర్మాణంలో సెంట్రింగు పని చేస్తున్నాడు. “సారూ, పైసలు పొయినయి” అన్నాడు. పత్తి విత్తనాలకూ ఎరువులకూ ఇంటికి పంపిన 14 వేల రూపాయలు మరెవరికో చేరాయట. ఫోనులో ‘ఇల్లు’ అని దాచుకున్న నెంబరుకే పంపాడు. ఆ నెంబరు ఒకప్పుడు చెల్లెలిది. ఆమె పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన పిమ్మట రీచార్జి చేసే దిక్కు లేక అది రద్దయింది. రద్దయిన నెంబరును 90 దినాలు గడిచాక కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చునని నిబంధన. అట్లే ఇచ్చారు. దానిని పొందిన కొత్త మనిషి తన బ్యాంకు ఖాతాకు జోడించుకున్నాడు. తెర మీద పెద్ద అక్షరాలతో ‘ఇల్లు’ అనే ఉంది. దాని కింద చిన్న అక్షరాలలో ఉన్న పరాయి పేరును మావాడు చూడలేదు.

వలస పోయిన పాలమూరు కూలీ ఇంటికి పంపే సొమ్ముకు పెద్ద చరిత్ర ఉంది. ఆ సొమ్ము దారి తప్పినప్పుడు దానిని రాబట్టుకొనే విధానానికీ ఒక చరిత్ర ఉంది. మొదటిదాన్ని గురించి వ్రాసినవారున్నారు. రెండవదానిని గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం.

గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టల పనులకు, కాలువల పనులకు పోయిన కాలంలో పైకం మనిషి చేతి మీదుగానే ఇల్లు చేరేది. ఊరికి వస్తున్నవాని మొలలో కట్టి పంపేవారు. బొంబాయి వైపు నుండి వచ్చినది ఇంగ్లీషు సర్కారు రూపాయి. మనవారు దానిని కల్దారు అన్నారు. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు. సరిహద్దు దాటగానే ఆరు ఏడయ్యేవన్న మాట! హాలీ సిక్కా 1959 వరకు చలామణిలో ఉన్నది. తెచ్చినవాడు మోసగిస్తే పెద్దమనుషుల ముందు పంచాయితీ. ఇచ్చినవాడెవడో పుచ్చుకున్నవాడెవడో ఊరందరికీ తెలుసును గనుక అది తెగేది.

వర్తకులది వేరే దారి. వారు హుండీలు వ్రాసుకునేవారు. హుండీలలో ‘షాజోగ్’ అనే రకం ఒకటుంది. బజారులో పరువున్న షావుకారుకు మాత్రమే దాని సొమ్ము చెల్లించాలి. తర్వాత ఆ హుండీ దొంగదని తేలితే పుచ్చుకున్న షావుకారు సొమ్ము తిరిగి కట్టవలసిందే. తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలో ముందే నిర్ణయించిపెట్టిన ఏర్పాటు ఇది. ఎంత చక్కని ఆలోచన! అయితే కూలివానికి హుండీ ఎక్కడిది?

అతనికి అక్కరకు వచ్చినది మనియార్డరు. బ్రిటిషు ఇండియాలో తపాలా శాఖ దానిని 1880లో ప్రారంభించింది. నిజాం తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిన తర్వాత మన పల్లెలన్నిటికీ అదే ఆధారమైంది. నల్లగొండ పద్మశాలీలు భీవండి మగ్గాల నుండి పంపినా, పాలమూరు కూలీలు బొంబాయి నుండి పంపినా, జవాబు కాగితం కింద వేలిముద్ర, దాని పక్కన సాక్షి సంతకం తప్పనిసరి. ఉద్యోగంలో చేరిన తొలి ఏండ్లలో ఆ సాక్షి సంతకాలు నేనూ ఎన్నో చేశాను. 20 రూపాయలకు రూపాయి చొప్పున రుసుము. పేదవానికి అది భారమే. కాని ఆ రూపాయి పుచ్చుకున్నందుకు తపాలా మనిషి గడప ముందు నిలబడి, ముఖం చూసి, పేరు పిలిచి సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేవాడు.

ఇక్కడ 1898 నాటి భారత తపాలా చట్టాన్ని చూడాలి. అందులో మూడు సెక్షన్లు మన విషయానికి చాలా దగ్గరివి. 44వ సెక్షను ప్రకారం సొమ్ము ఇంకా చెల్లించకముందే పంపినవాడు దానిని వెనుకకు కోరవచ్చు, లేదా పుచ్చుకొనేవాని పేరు మార్చవచ్చు. 47వ సెక్షను నన్ను ఆశ్చర్యపరచింది. తపాలా ఉద్యోగి ఒకరికి ఇవ్వవలసిన మనియార్డరు సొమ్ము మరొకరికి ఇచ్చాడనుకోండి. పుచ్చుకున్నవాడు తగిన కారణం లేకుండా తిరిగి ఇవ్వకపోతే, దానిని భూమి శిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చును. కారణం తగినదని రుజువు చేసుకోవలసిన బాధ్యత కూడా అతనిదే. శిస్తు బకాయి అంటే ఏమిటో, జప్తు అంటే ఏమిటో పటేలు పట్వారీల కాలం చూసిన తెలంగాణ పల్లెకు వివరించనక్కరలేదు. పరాయివాని మనియార్డరు మింగినవానికి ప్రభుత్వం అంత బెదురు పెట్టింది.

అయితే పక్కనే 48వ సెక్షను ఉంది. పంపినవాడే పేరు, చిరునామా తప్పుగా వ్రాయడం వలన సొమ్ము వేరొకరికి చేరితే ప్రభుత్వం మీద దావా చెల్లదు. అంటే చేరవేసేవాని తప్పుకు ఒక న్యాయం, పంపేవాని తప్పుకు మరొక న్యాయం. ఈ గీతను 1898లోనే గీశారు. ఆ చట్టం స్థానంలో 2023 నాటి తపాలా చట్టం 2024 జూన్ 18న అమలులోకి వచ్చింది. మావాని పైకం దారి తప్పిన నెలలోనే! గీత మాత్రం చెరగలేదు. సెల్‌ఫోను చెల్లింపులలో మనమందరం 48వ సెక్షను వైపునే నిలబడి ఉన్నాం. నెంబరు నొక్కేది మనం, రహస్య సంఖ్య వేసేది మనం. బ్యాంకు మన ఆజ్ఞను పాటించినదే తప్ప తప్పు చేయలేదని దాని వాదం.

పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వవలసినదే అన్న విషయంలో ధర్మానికి సందేహం లేదు. రోమను న్యాయంలోనే ఆ సూత్రం ఉంది. 1760లో ఇంగ్లాండులో మాన్స్‌ఫీల్డు ప్రభువు దానికి బలం చేకూర్చాడు. మన దేశంలో 1872 కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను పొరపాటున వచ్చిన సొమ్ము తిరిగి చెల్లించాలని స్పష్టంగా చెబుతున్నది. తనది కాదని తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే అది నేరం. పాత శిక్షాస్మృతిలో 403, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 314. లోపం ధర్మంలో లేదు, సాధనంలో ఉంది.

యూపీఐ 2016లో వచ్చింది. అంతకు ముందే, 2010లో, రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఒక వెసులుబాటు ఇచ్చింది. ఎలక్ట్రానిక్ బదిలీలలో ఖాతా సంఖ్య ఒక్కటే చూసి జమ చేయవచ్చును, పేరు సరిపోయిందా అని చూడనక్కరలేదు. వేగం కోసం పేరును వదిలివేశారు. నా దృష్టిలో గడప ముందటి సాక్షి ఆనాడే వెళ్ళిపోయాడు.

బ్యాంకు వారే తప్పు చేసినా రాబట్టడం ఎంత కష్టమో మన పక్కనే తెలిసింది. 2022 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేటులోని స్టేట్ బ్యాంకు శాఖ నుండి దళిత బంధు సొమ్ము పొరపాటున ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉద్యోగులు 15 మంది ఖాతాలలో పడింది. ఒక్కొక్కరికి 10 లక్షలు, మొత్తం కోటిన్నర. 14 మంది తిరిగి ఇచ్చారు. ఒకాయన అది ప్రభుత్వ పథకం సొమ్మే అనుకొని అప్పులు తీర్చుకున్నాడు. వ్యవహారం పోలీసుల దాకా పోయింది. అంతటి సంస్థకే అంత పాటు పడితే సెంట్రింగు కూలీ మాట చెప్పనేల?

మావాడు మొదట ఆ నెంబరుకే ఫోను చేశాడు. తుంగభద్ర ఆవల కర్నూలు వైపు మనిషి. “ఇట్లాంటి ఫోన్లు రోజూ వస్తాంటాయి” అని పెట్టేశాడట. అతన్ని తప్పు పట్టలేను. ‘పొరపాటున పంపాను, తిరిగి వేయండి’ అని నమ్మించి దోచే మోసగాండ్లు నిజంగానే ఉన్నారు. నిజం చెప్పేవాడూ అబద్ధం చెప్పేవాడూ ఒకే మాట చెబితే వినేవాడు ఏం చేస్తాడు? అందుకే నేరుగా అడగడం, నేరుగా ఇవ్వడం రెండూ ప్రమాదమే. బ్యాంకు ద్వారానే జరగాలి.

కొందరు 1930కి ఫోను చేయమన్నారు. అది మోసాలకు ఉద్దేశించినది, మన పొరపాటుకు కాదు. ఫోనులోని యాప్‌లోనే ఫిర్యాదు నమోదు చేయించాను. చెల్లింపు వివరాలలో 12 అంకెల సంఖ్య ఒకటుంటుంది. దానితో అతని బ్యాంకుకు అర్జీ వ్రాసి ఇచ్చాం. ఆ బ్యాంకు పుచ్చుకున్నవాని బ్యాంకును అడుగుతుంది. అది తన ఖాతాదారును అడుగుతుంది. అతడు ఒప్పుకుంటేనే సొమ్ము కదులుతుంది. ఒప్పుకోకపోతే కోర్టు ఉత్తర్వు కావాలి. బ్యాంకు 30 దినాలలో తేల్చకుంటే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చు గాని, అది బ్యాంకు నిర్లక్ష్యం మీదనే, పుచ్చుకున్నవాని మీద కాదు. దావాకు మూడేండ్ల గడువున్నది. 14 వేలకు దావా వేసేదెవరు? కోర్టు రుసుము లేకుండా లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. దానికీ ఎదుటివాడు రావాలి.

తర్వాతి కాలంలో ఏలినవారు పేరును మళ్ళీ పిలిచారు. 2025 ఏప్రిల్ నుండి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ బదిలీలలో పంపేముందు పుచ్చుకునేవాని పేరు చూపాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. యూపీఐలో మనం దాచుకున్న పేరు కాక, బ్యాంకులో నమోదైన పేరునే చూపాలని జాతీయ చెల్లింపుల సంస్థ 2025 జూన్ 30ని గడువుగా పెట్టింది. మావానికి ఒక ఏడాది ఆలస్యం.

అతని సంగతి. ఇరవై దినాలకు కర్నూలు వైపు బ్యాంకు వారు పిలిపించగా ఆ మనిషి వచ్చి సంతకం చేశాడు. బ్యాంకు వారు అడిగిన తర్వాత అతనికి నమ్మకం కలిగిందట. అయితే ఈలోగా అతని అప్పు వాయిదా కింద కొంత దానంతట అదే కోతపడింది. 9,500 వెంటనే వచ్చాయి. తక్కినవి దసరా దాటాక పంపాడు, అడగకుండానే. విత్తనాలు మాత్రం దుకాణంలో ఉద్దెరకు తెచ్చారు. ఆ వడ్డీ ఏ సెక్షను కిందికీ రాదు.

మావాడు ఫోనులో ‘ఇల్లు’ అన్నది తీసివేసి, మనియార్డరు ఫారం మీద వ్రాసినట్టు, తల్లి పేరు ఇంటిపేరుతో సహా వ్రాసుకున్నాడు.